కంప్యూటర్‌తో చెస్ ఆడి గెలిచేవాళ్లు ఉన్నారా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. చెస్ అంటే ప్రాణం. ఈ మధ్య ఫోన్‌లో అన్నిటికన్నా పెద్ద లెవెల్ పెట్టుకుని ఆడుతున్నాడు, రోజూ ఓడిపోతున్నాడు. "ఎంత నేర్చుకున్నా దీన్ని గెలవలేనప్పుడు నేర్చుకోవడం ఎందుకమ్మా" అంటాడు. నాకు ఆట రాదు. నిజంగా ఎవరూ గెలవలేరా సార్?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: గెలవలేరమ్మా. ఇప్పుడున్న గట్టి ప్రోగ్రాములతో సమానంగా కూర్చుని ఆడితే ప్రపంచ చాంపియన్ కూడా గెలవలేడు. ఈ మాట అబ్బాయికి దాచకుండా చెప్పండి. కర్నూలులో నా దగ్గరికొచ్చే పిల్లలకు నేను మొదటి వారమే చెప్పేస్తాను.

1996లో ఫిలడెల్ఫియాలో డీప్ బ్లూ అనే ఐబీఎం యంత్రం చేతిలో అప్పటి ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ మొదటి ఆట ఓడి కూడా పోటీని 4–2తో గెలిచాడు. మరుసటేడు న్యూయార్క్‌లో అదే యంత్రం 3.5–2.5తో ఆయన్ను ఓడించింది. అప్పటికది సెకనుకు 20 కోట్ల స్థితులు లెక్కగట్టేది. అయినా మనిషి వెంటనే చేతులెత్తేయలేదు. 2002లో బహ్రెయిన్‌లో రష్యా గ్రాండ్‌మాస్టర్ క్రామ్నిక్, డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాము 4–4తో సమానంగా నిలిచారు.

2006లో బాన్ నగరంలో వాళ్లిద్దరికీ మళ్లీ పోటీ పెట్టారు. అప్పుడు క్రామ్నిక్ ప్రపంచ చాంపియన్. రెండో ఆట డ్రాకు పోతోంది. ఎదుటి మంత్రి ఒక్క ఎత్తులో ఆటకట్టు చేయబోతోందని ఆయన చూడలేదు. తన మంత్రిని పక్కకు జరిపాడు, ఆట ముగిసిపోయింది. నా దగ్గర నిన్నగాక మొన్న చేరిన పిల్లవాడికి కూడా కనబడే ఆటకట్టు అది. గంటలకొద్దీ కూర్చున్న మనిషికి కన్ను ఒక్కసారి తప్పుతుంది. యంత్రానికి అలుపు లేదు. ఆ పోటీని ఫ్రిట్జ్ 4–2తో గెలిచింది. మీవాడు ఓడుతున్నది అట్లాంటిదాని చేతిలోనే. అందులో వాడి తెలివికి తక్కువేమీ లేదు.

లెవెల్ తగ్గించి ఆడమందామా అంటే, దానికీ నేను పూర్తిగా ఒప్పుకోను. చిన్న లెవెల్‌లో కంప్యూటర్ పది ఎత్తులు చక్కగా ఆడి, ఉన్నట్టుండి ఏనుగును ఊరికే ఇచ్చేస్తుంది. మనుషులట్లా తప్పు చేయరు. ఆ కానుక కోసం ఎదురుచూసే అలవాటు పడితే వదిలించడం కష్టం, పిల్లల్లో చూస్తూనే ఉన్నాను. వాడికి మనుషులతో ఆట కావాలి. బడిలోనో, వీధిలోనో, ఆదివారం టోర్నమెంట్లలోనో జత చూడండి.

ఆడిన ప్రతి ఆటనూ నోటుబుక్కులో రాయమనండి. ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించాడో, ఎందుకు ఆ ఎత్తు వేశాడో వాడి మాటల్లోనే రాయాలి. ఇదంతా అయ్యాకే ఫోన్ తెరవాలి. ఇంజిన్, అంటే ఫోన్‌లోని చెస్ ప్రోగ్రాము, మంచి ఎత్తు చూపిస్తుంది, ఎవరిది పైచేయో చెప్పే ఒక అంకె పక్కన వేస్తుంది. కారణం మాత్రం చెప్పదు. ఆ కారణం వెతుక్కోవడమే చదువు. 2024లో 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయిన గుకేశ్‌ను ఆయన కోచ్ విష్ణు ప్రసన్న గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరేదాకా ఇంజిన్‌కు దూరంగా ఉంచారు. ఈ సంగతి మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: కంప్యూటర్ వైపు ఒక పావు తీసేసి ఆడితే న్యాయంగా ఉంటుందా?
– ఒక రైల్వే ఉద్యోగి, గుంతకల్లు

జవాబు: ఉంటుందన్నా, మంచి సాధన కూడా. 2016లో అమెరికా గ్రాండ్‌మాస్టర్ నకమురా, కొమొడో అనే ప్రోగ్రాముతో నాలుగు ఆటలు ఆడాడు. ప్రతి ఆటలోనూ ఏదో ఒక వెసులుబాటు మనిషికే ఇచ్చారు. మూడు డ్రా అయ్యాయి, నాలుగోది కొమొడో గెలిచింది. మీరు దాని మంత్రిని తీసేసి మొదలుపెట్టండి. వరసగా గెలుస్తుంటే మంత్రిని తిరిగి పెట్టి ఏనుగును తీయండి, ఆ తర్వాత గుర్రాన్ని. ఎక్కువ బలం ఉన్నప్పుడు పావులు మార్చుకుంటూ ఆటను ఎట్లా తేల్చుకోవాలో ఇందులో బాగా వంటబడుతుంది.