ఆ పురుగులకి మాటలు రావా అక్కా?

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కవరు అందింది. కౌండిన్య ఏటి నీళ్ళు తాగిన గున్న ఏనుగుకూ, చెట్ల మీద తిరిగే ఆ చిట్టి దేవాంగపిల్లికీ మాటలొచ్చే నీ పిల్లల నవల మీద వచ్చిన ఉత్తరాలు, బడిపిల్లలు నోటుపుస్తకాల్లోంచి చింపి రాసిచ్చిన కాగితాలు, పెద్దవాళ్ళు నోటితో చెబితే నువ్వు రాసుకున్నవి, అన్నీ తీరిగ్గా చదివాను. "ఒకరు బాగుందన్న చోటే ఇంకొకరు తీసేయమంటున్నారు, ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది సార్" అని రాశావు. మన దగ్గర చాలా పిల్లల పుస్తకాలకు తిట్టేవాళ్ళు కూడా దొరకరమ్మా. నీ పుస్తకాన్ని ఇంతమంది చదివి, చదివినందుకు పోట్లాడుతున్నారంటే ముందు అందుకు సంతోషపడు.

ఆ కవరులో తీర్పులూ ఉన్నాయి, ప్రశ్నలూ ఉన్నాయి. తీర్పులు దాదాపు అన్నీ పెద్దవాళ్ళవి, ప్రశ్నలు దాదాపు అన్నీ పిల్లలవి. నువ్వు తీర్పుల కింద ఎర్ర ఇంకుతో గీతలు గీసుకున్నావు. ప్రశ్నల పక్కన "చిన్నపిల్లలు కదా" అని రాసుకున్నావు. నేనైతే ఆ ఎర్ర గీతలు ఇటు మార్చమంటాను.

ఆరో తరగతి పిల్లవాడు ఒకడు అడిగాడు చూడు: "దేవాంగపిల్లి పేజీ పేజీకీ పురుగుల్ని తింటా ఉండాది. కౌండిన్య నీళ్ళు తాగితే అన్నిటికీ మాటలొస్తాయి అని రాసినారు. ఆ పురుగులకి మాటలు రావా అక్కా?" నేను ఆ కాగితం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నీ నవల మీద వచ్చిన అసలు విమర్శ ఇదే. జంతువుల చేత మాట్లాడించే ప్రతి రచయితా ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్నకు దొరికిపోతాడు. అన్నిటికీ మాటలొస్తే ఎవరు ఎవరిని తినాలి? తినకపోతే అది అడవి ఎట్లా అవుతుంది?

మనవాళ్ళకు ఈ చిక్కు కొత్తది కాదు. పంచతంత్రంలో పింగళకుడనే సింహం, సంజీవకుడనే ఎద్దు ఎన్ని కబుర్లు చెప్పుకున్నాయి, ఎంత స్నేహంగా మెలిగాయి! దమనకుడు మధ్యలో దూరేసరికి ఆ ఎద్దు ఆ సింహం చేతిలోనే చచ్చింది. మాటలొచ్చినంత మాత్రాన పంజా గోళ్ళు ఊడిపోవని ఆ కథ చెప్పినవాడికి బాగా తెలుసు. వినే పిల్లలకూ తెలుసు. నువ్వు మాత్రం మాటలొచ్చిన జంతువుల్ని మంచివాళ్ళుగా మార్చేసి, తిండి సంగతి పురుగుల మీదికి నెట్టేశావు. పురుగుల్ని ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నావు. వాడు పట్టించుకున్నాడు.

జవాబు నేను చెప్పను, దారులు మాత్రం చూపిస్తాను. పురుగులకూ మాటలొస్తాయి, దేవాంగపిల్లి వినపడనట్టు నటిస్తుంది అని రాయొచ్చు. అప్పుడు ఆ పెద్ద పెద్ద కళ్ళ ప్రాణి కాస్త దొంగ అవుతుంది, ఇంకా బాగుంటుంది. లేదంటే ఏటి నీళ్ళు వెన్నెముక ఉన్నవాటికే పని చేస్తాయని మొదట్లోనే ఒక ముసలి తాబేలు చేత చెప్పించొచ్చు. ఏ దారి పట్టినా చివరిదాకా దాని మీదే నడవాలి. ఎందుకంటే ఇంకో అమ్మాయి ఇంకా గట్టిగా పట్టుకుంది: "తలకోన రేచుకుక్కలు కౌండిన్య నీళ్ళు ఎప్పుడు తాగినాయి?" నిజమే కదా! కౌండిన్య పారేది పలమనేరు వైపు. తలకోన ఉండేది శేషాచలంలో. నీ గున్న ఏనుగు దేవాంగపిల్లిని వీపు మీద ఎక్కించుకుని అంత దూరం నడిచి వచ్చింది కాబట్టి వాటికి మాటలొచ్చాయి, సరే. కొండ దిగని కుక్కలకు ఎట్లా వచ్చాయి? ఏనుగు వీపు మీద దేవాంగపిల్లి స్వారీ చేసిందంటే పిల్లలు కిక్కురుమనకుండా ఒప్పుకున్నారు. నువ్వు పెట్టిన నియమం నువ్వే తప్పితే మాత్రం ఊరుకోలేదు. ఎంత పెద్ద అబద్ధమైనా చెప్పుకో, లెక్క మాత్రం తప్పకూడదు.

రేచుకుక్కల దగ్గర ఇంకో మాట. వాటిని నువ్వు ఉత్త దుర్మార్గుల గుంపుగా రాశావు. "వాటికి పిల్లలుండవా?" అని ఒక పాప ఒకే ఒక్క వాక్యం రాసింది. ఉంటాయి. పైగా వేట పడ్డాక రేచుకుక్కలు పిల్లలకు ముందు చోటిచ్చి, అవి తిన్నాకే పెద్దవి తింటాయి. ఊరకుక్కల్లా మొరగవు, ఈల వేసినట్టు కూస్తూ ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. నీ నవల్లో అవి మొరుగుతున్నాయి, తమలో తాము కొట్లాడుకుంటున్నాయి. చీకట్లో ఈల వినపడటం, ఆ తర్వాత ఇంకో పక్క నుంచి ఇంకో ఈల రావడం ఎంత భయంగా ఉంటుందో ఊహించు. అన్నట్టు, అవి ఎక్కువగా పగలే వేటాడతాయి, తెల్లవారుజామున అనుకో. వేటాడిన మాంసం ముందు పిల్లలకే వదిలి పక్కన నిలబడే ఆ తల్లి రేచుకుక్క నీ గున్న ఏనుగుకు ఎదురుపడితే, ఆ అధ్యాయం ఇప్పుడున్నదానికి పదిరెట్లు బలంగా వస్తుంది. భయం తగ్గదు సుమా.

పలమనేరు పక్క పల్లె బడి నుంచి వచ్చిన కాగితాలు వేరుగా పెట్టుకో. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు అటు వచ్చి స్థిరపడ్డాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అంటే ఆ పిల్లల అమ్మానాన్నలు కూడా ఏనుగుల కబుర్లు వింటూనే పెరిగారు. వాళ్ళ ముందు ఏనుగు గురించి తప్పు రాస్తే, తిరుపతిలో కూర్చుని లడ్డూ గురించి తప్పు చెప్పినట్టే. నువ్వు ఏనుగుల గుంపుకు దంతాల మగ ఏనుగును రాజుగా పెట్టావు. "గుంపుని నడిపేది పెద్ద ఆడేనుగు కదా, మగది ఒంటరిగా తిరుగుతాది" అని ముగ్గురు నలుగురు పిల్లలు రాశారు. వాళ్ళు చెప్పిందే నిజం. ఆ రాజును తీసేసి, అమ్మమ్మ ఏనుగును పెట్టు. అప్పుడు గున్న ఏనుగు గుంపును వదిలి రావడానికి నువ్వు అల్లిన శాపం కూడా అక్కర్లేదు. వయసొచ్చిన మగ ఏనుగులు ఎటూ గుంపు వదిలి వెళ్ళాల్సిందే. దాన్ని కాస్త ముందే పంపించు, చాలు.

ఇక పెద్దవాళ్ళ సంగతి. ఆవిష్కరణ సభలో పొగిడినవాళ్ళ మాటలు కూడా రాసి పంపావు, అవి దాచుకో, వాటితో పని లేదు. పుస్తకం ఆవిష్కరించేవాళ్ళు పుస్తకం చదవడం మన దగ్గర ఆచారం కాదు.

"నీతి ఎక్కడుంది?" అన్నవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు. వాళ్ళకు కోపంగా జవాబు రాయకు, అసలు రాయకు. దేవాంగపిల్లి చిత్తూరు యాసలో మాట్లాడటం బాగాలేదన్న ఒకాయనకు కూడా అంతే. చిత్తూరు అడవుల్లో పుట్టిన ప్రాణి ఇంకే ఊరి భాష మాట్లాడుతుంది?

ఒక టీచరమ్మ మాత్రం ఒక చోటు చూపించి "ఇది అసహ్యంగా ఉంది, తీసేయండి" అన్నారు. దేవాంగపిల్లి చేతులకూ కాళ్ళకూ ఉచ్చ పూసుకుని కొమ్మలెక్కే చోటు. నువ్వు తీసేద్దామా అని ఆలోచిస్తున్నట్టున్నావు. పిల్లల కాగితాలు మళ్ళీ చూడు. దాదాపు ప్రతివాడూ ఆ చోటే రాశాడు, ఒకడు బొమ్మ కూడా గీశాడు. అది నువ్వు కల్పించింది కాదు, ఆ ప్రాణి నిజంగానే అలా చేస్తుంది. ఎందుకు చేస్తుందో శాస్త్రజ్ఞులు రకరకాలుగా చెబుతారు. నవ్వు తెప్పించే నిజం పిల్లల పుస్తకంలో దొరకడమే అరుదు. పొరపాటున కూడా తీయకు. తీయాల్సింది బొమ్మలో ఆర్టిస్టు పెట్టిన తోక. దేవాంగపిల్లికి తోక ఉండదు.

ముసలి ఏనుగు చనిపోయే అధ్యాయం మీద పెద్దలందరిదీ ఒకటే మాట: పిల్లలు ఏడుస్తారు. ఏడ్చారు కూడా, ఇద్దరు రాశారు. కానీ ఒక్కడు కూడా తీసేయమనలేదు. "తర్వాత మిగతా ఏనుగులు ఏం చేసినాయి?" అని అడిగారు. నువ్వు ఆ చావు రాసి, వెంటనే కొత్త అధ్యాయంలో తెల్లవారేలా చేసి, ప్రయాణం మొదలుపెట్టేశావు. ఏనుగులు అలా వెళ్ళిపోవు. తమవాళ్ళ శరీరం దగ్గర ఆగుతాయి, తొండంతో తడుముతాయి, ఎప్పుడో చనిపోయినవాటి ఎముకల దగ్గర కూడా నిలబడతాయి. ఒక పేజీ ఆగు. పిల్లలు ఏడ్చింది చావుకు కాకపోవచ్చు, నువ్వు తొందరపడి వాళ్ళను అక్కణ్ణుంచి లాక్కుపోయినందుకు కావచ్చు.

పెద్దవాళ్ళలో ఇద్దరి మాట మాత్రం బాగా విను. ఒకాయన అడవిలో పని చేసినవాడని రాశావు. "ఎర్రచందనం గుమగుమలాడే కొండ" అన్న నీ వాక్యానికి ఆయన నవ్వాడట. ఎర్రచందనానికి వాసన ఉండదమ్మా, దాని ఖరీదంతా ఆ ఎర్రటి చేవకే. వాసనొచ్చేది తెల్లచందనం. పేరులో చందనం ఉంది కదా అని రాసేశావు. ఆ తప్పు దిద్దుకుంటే ఇంకో లాభం ఉంది. జంతువుల సభలో ముసలి తాబేలు స్మగ్లింగ్ గురించి చేసే ఆ పెద్ద ఉపన్యాసం ఉంది చూడు, పిల్లలు చాలామంది పుస్తకం పక్కన పెట్టేసింది సరిగ్గా అక్కడే. ఎందుకు ఆపారని పిల్లల్ని అడిగితే మర్యాదకు ఏదో ఒకటి చెబుతారు. ఎక్కడ ఆపారని అడుగు, నిజం చెబుతారు. ఉపన్యాసం తీసేయ్. దేవాంగపిల్లి రోజూ పడుకునే చెట్టు దగ్గరకు తిరిగి వచ్చేసరికి అక్కడ మొద్దు మిగిలి ఉండాలి, కోసినచోట చెక్క ఎర్రగా ఉండాలి. అది మొద్దు మీదికి ఎక్కి, పైకి వెళ్ళడానికి చేయి చాపితే కొమ్మ అందకూడదు. తాబేలు నోరు మూసుకుని కూర్చున్నా ఫరవాలేదు.

రెండోది ఆ రైతు. మండీ చీటీ వెనక రాసిచ్చిన ఆ మూడు లైన్లు: "కథ బాగుందమ్మా. ఏనుగు చెరుకు తిన్నకాడ మా మనవరాలు నవ్వింది. మా టమోటాలో ఏనుగులు పడిన రేతిరి నేను మంచె మీదే ఉండాను." ఆయన నిన్ను తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. నీ నవల్లో చెరుకుతోట అధ్యాయం పిక్నిక్‌లా ఉంది. ఏనుగు వీపు మీద నుంచి చూస్తే అది పిక్నిక్కే. మంచె మీద నుంచి చూస్తే ఆ ఏడాది పంట. జంతువుల కథ కదా, మనుషులు ఎందుకు అనుకోకు. డప్పుల మోత, టపాకాయలు, టార్చిలైట్లు, ఇవన్నీ ఆ గున్న ఏనుగుకు ఎలా కనపడతాయో రాయి. అప్పుడు మంచె మీది మనిషి భయం కూడా దానంతట అదే వస్తుంది. 2025లో కర్ణాటక నుంచి మనవైపు కుమ్కీ ఏనుగుల్ని తెచ్చారు కదా, అడవి ఏనుగుల్ని తరమడానికి మనిషి మాట వినే ఏనుగులు. మాటలొచ్చిన నీ గున్న ఏనుగు ఒక కుమ్కీకి ఎదురుపడితే రెండూ ఏం మాట్లాడుకుంటాయి? నాకైతే వినాలని ఉంది.

చిరుత గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. నీ చిరుత నడకదారి పక్కన కూర్చుని భక్తులకు కథలు చెప్పే జోకరు. తిరుపతి పాఠకులు కొందరు దాని మీద కటువుగానే రాశారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక పసిపిల్ల చిరుత వాత పడింది. ఆ తర్వాత కొన్నాళ్ళు భక్తుల చేతికి కర్రలిచ్చి కొండెక్కించారు. ఆ సంగతి తెలిసిన ఊళ్ళో ఆ జోకు ఎవరికీ నవ్వు తెప్పించదు. చిరుతను రాక్షసిని చేయమని కాదు. దాన్ని నడకదారి నుంచి తీసి తలకోన వైపు పంపించు. అక్కడ ఎంత వాగుతుందో వాగనీ.

వీటిల్లో ముందు పురుగుల ప్రశ్న తేల్చుకో. అది తేలేదాకా మిగతావి ముట్టుకోవద్దు, ఎందుకంటే ఆ జవాబును బట్టి రేచుకుక్కల అధ్యాయం మొత్తం మారిపోతుంది. తిరగరాశాక ముందు ఆ ఆరో తరగతివాడికి చదివి వినిపించి, వాడేమన్నాడో ఉన్నదున్నట్టు రాసుకో. ఆ తర్వాతే నాకు పంపు. ప్రింటు తీయించి పోస్టులో పంపమ్మా, ఫోనులో చదవాలంటే నా కళ్ళు ఒప్పుకోవడం లేదు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించు.

ఇట్లు,
నీ సార్