అమెరికా గ్రోసరీల్లో కనపడని పంచదార

"మేం కూల్ డ్రింకులు తాగం. స్వీట్లంటారా, పండక్కే. అయినా ఇక్కడికొచ్చాక షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ అన్నారు, ఎందుకండీ?" అమెరికాకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. అసలు కారణం డాక్టరే చెప్పాలి. మన చేతిలో ఉన్నది మాత్రం ఒకటుంది, కొనేముందు లేబుల్ చూడటం. ఇక్కడ తియ్యగా లేని వాటిలో కూడా పంచదార కలుపుతారు. శాండ్‌విచ్ బ్రెడ్, పాస్తా సాస్, పీనట్ బటర్, సలాడ్ డ్రెస్సింగ్, ఏదైనా కావచ్చు.

ప్యాకెట్ ముందువైపు రాసిన 'నేచురల్', 'హోల్ గ్రెయిన్' చూసి కొనేయకండి. వెనక్కి తిప్పి 'న్యూట్రిషన్ ఫ్యాక్ట్స్' చూడండి. 'టోటల్ షుగర్స్' కింద 'యాడెడ్ షుగర్స్' (అంటే విడిగా కలిపిన పంచదార) అని ఇంకో లైను ఉంటుంది. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో తెచ్చిన ఈ మార్పు పెద్ద కంపెనీలకి 2020 నుంచి తప్పనిసరి అయింది. మనకి కావలసింది ఆ రెండో లైనే. ప్లెయిన్ పెరుగు డబ్బా మీద టోటల్ షుగర్స్ కనిపించినా టెన్షన్ వద్దు, అది పాలలో సహజంగా ఉండే చక్కెర, లాక్టోజ్.

నాలుగు గ్రాముల పంచదారంటే ఒక టీస్పూను. కలిపిన పంచదార రోజుకి ఆడవాళ్ళకి 25 గ్రాములు, మగవాళ్ళకి 36 గ్రాములు దాటకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. లేబుల్ మీద ఆ లైను పక్కన ఉండే శాతం మాత్రం రోజుకి 50 గ్రాములు అనుకుని లెక్కగట్టినది. అక్కడ 20 శాతం అని ఉంటే పది గ్రాములు. హార్ట్ అసోసియేషన్ లెక్కలో ఆడవాళ్ళకి అది 40 శాతం! అందుకే శాతాన్ని వదిలేసి గ్రాములే చూడండి. అవి కూడా ఒక సర్వింగ్‌కే, అంటే లేబుల్ మీద రాసిన ఒకసారి తినే కొలతకే. కెచప్ ఒక టేబుల్ స్పూనుకి సుమారు నాలుగు గ్రాముల పంచదార. పకోడీలతో ఒక్క స్పూనుతో ఆపేవాళ్ళెవరు?

బాదం పాల డబ్బా మీద 'ఒరిజినల్' అని ఉంటే పంచదార లేనిదని చాలామంది అనుకుంటారు. అందులో సాధారణంగా పంచదార ఉంటుంది. 'అన్‌స్వీటెన్డ్' అనే మాట ఉన్నదే తీసుకోండి. ఓట్స్ కూడా రుచులు కలిపిన చిన్న ప్యాకెట్లు కాకుండా ప్లెయినే కొని, అరటిపండు ముక్కలు వేసుకోండి. కాఫీ షాపుల్లో చాయ్ లాటే చాలాచోట్ల ముందే తీపి కలిపిన సిరప్‌తో చేస్తారు. పంచదార వద్దన్నా అది పోదు. టీ కావాలంటే ఇంట్లో పెట్టుకోవడమే మేలు. ఇండియన్ స్టోర్‌లో మామిడిపండు గుజ్జు టిన్ను, చాయ్ ప్రీమిక్స్ కొనేటప్పుడు కూడా లేబుల్ చూడండి. మనవాళ్ళ సరుకే కదా అని వదిలేయకండి.

నాకు అన్నిటికంటే పిల్లల గురించే బెంగ. రెండేళ్ళలోపు పిల్లలకి కలిపిన పంచదార అసలే పెట్టొద్దని ఇక్కడి ప్రభుత్వ 2020-2025 ఆహార మార్గదర్శకాలు చెప్పాయి. నూరు శాతం జ్యూస్ మీద 'యాడెడ్' సున్నానే ఉంటుంది, కానీ పండులోని పీచు పోయి తీపి మిగులుతుంది. ఏడాది లోపు పిల్లలకి జ్యూసే వద్దు, ఒకటి నుంచి మూడేళ్ళ వాళ్ళకి రోజుకి నాలుగు ఔన్సులు మించొద్దు అనేది పిల్లల డాక్టర్ల సంఘం మాట. బాబునో పాపనో డేకేర్‌లో చేర్చేటప్పుడు స్నాక్స్ మెనూ అడిగి తీసుకోండి. జ్యూస్ బదులు మంచినీళ్ళు ఇమ్మని రాసి ఇవ్వండి. అడగడానికి మొహమాటపడకండి.