అయోవాలో ఇల్లు కొంటున్న మేనకోడలికి

చిరంజీవి వసంతకు మామయ్య ఆశీస్సులు.

అయోవాలో ఒక పల్లె ఆసుపత్రిలో డాక్టరుగా చేరుతున్నావనీ, పొలాల మధ్య పాత ఇల్లు కొనబోతున్నావనీ అక్క చెప్పగానే మనసు పొంగిపోయింది. కానీ బాబుకు బేస్‌మెంట్‌లో పడకగది సిద్ధం చేయిస్తున్నారని కూడా చెప్పేసరికి నాకు నిద్ర పట్టలేదు.

ఈ రాష్ట్రంలో ఇన్నేళ్లు కాపురమున్నవాణ్ణి గనుక చెబుతున్నాను. పూర్వం హిమానీనదాలు తెచ్చి పరిచిన ఇక్కడి మట్టిలోని యురేనియం, రేడియంల నుంచి పుట్టే రాడాన్ వాయువు రంగూ వాసనా లేకుండా, గచ్చు పగుళ్ల గుండా, బేస్‌మెంట్‌లో ఊటనీరు చేరే సంప్ గుంట అంచుల గుండా ఇంట్లోకి చేరుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1993లో వేసిన పటంలో అయోవాలోని 99 కౌంటీలూ అధిక ముప్పున్న ఒకటో జోన్‌లోనే ఉన్నాయి. ఊపిరితిత్తులకు అది చేసే హాని గురించి డాక్టరువైన నీకు నేను చెప్పనక్కరలేదు.

పరీక్ష కిట్ హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది, కొనుక్కో.

మా పక్క పొలం పెద్దాయన చేసిన పొరపాటు మాత్రం నువ్వు చేయకూడదు. ఆయన ఎండాకాలం చివర, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉంచే రోజుల్లో, బొగ్గుపొడి ఉన్న ఆ చిన్న డబ్బాను వంటింటి గట్టు మీద పెట్టి పరీక్ష చేశాడు. గాలి ఆడే ఇంట్లో రాడాన్ నిలవదు కదా, అంకె లీటరు గాలికి 4 పికోక్యూరీల (రాడాన్‌ను కొలిచే లెక్క) హద్దుకు చాలా లోపలే వచ్చింది. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించి, నిశ్చింతగా బేస్‌మెంట్‌లో కార్పెట్ పరిపించి మనవళ్లకు గదులు కట్టించాడు. చలికాలంలో తలుపులు బిగించి హీటర్ వేసినప్పుడు వెచ్చని గాలి పైకి పోతూ, అడుగునున్న మట్టిలోని గాలిని లోపలికి లాగుతుందని ఆయనకెవరూ చెప్పలేదు. కొన్నేళ్లకు ఒక జనవరిలో కోడలు పిల్లల గదిలోనే డబ్బా పెట్టి చూస్తే, ఆ హద్దుకు ఎన్నో రెట్లు వచ్చింది. అన్ని శీతాకాలాలూ ఆ పిల్లలు అక్కడే పడుకున్నారు. ఆ రెండు కాగితాలనూ పట్టుకుని మా వాకిట్లో నిలబడిన మనిషికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అందుకే, అమ్మేవాళ్లు పాత నివేదిక చూపిస్తే అంకె కన్నా ముందు తేదీ చూడు, ఏ గదిలో పెట్టారో అడుగు. నువ్వు చేసేటప్పుడు 12 గంటల ముందు నుంచే తలుపులు, కిటికీలు మూసి ఉంచి, డబ్బాను బాబు గదిలోనే, నేలకు కనీసం 20 అంగుళాల ఎత్తున, బయటి గోడకు దూరంగా పెట్టు. కిట్‌పై రాసిన గడువు తీరగానే మూత బిగించి అదే రోజు ల్యాబ్‌కు పంపు, ఎందుకంటే రాడాన్ 3.8 రోజులకొకసారి సగానికి సగం తరిగిపోతుంది. అంకె తక్కువగా వచ్చినా, 90 రోజులకు మించి సాగే రెండో పరీక్ష కూడా చేయించు. ఆసుపత్రి పనిలో తీరిక లేదని మాత్రం నాతో అనకు!

కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. చిన్నప్పుడు ఆయాసంతో నువ్వు పడుకోలేక కూర్చుని ఊపిరి తీస్తుంటే, నేనూ అక్కా వంతులవారీగా నీ వీపు రాస్తూ తెల్లవార్లూ మేలుకున్నాం. ఊపిరి అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఆ రాత్రులే గుర్తొస్తాయి.

ఇల్లు వదులుకోమనడం లేదు. అంకె 4 గానీ, ఆపైన గానీ వస్తే, అనుమతి ఉన్న పనివాళ్లు గచ్చు కింద నుంచి గొట్టం వేసి, ఫ్యాన్‌తో ఆ గాలిని పైకప్పు దాటించి వదిలేస్తారు. ఆ పని పూర్తయ్యాక మళ్లీ పరీక్ష చేయించు. అంతవరకూ బాబు మంచం పై అంతస్తులోనే ఉండాలి.

ఇట్లు,
మామయ్య