అమ్మానాన్నలతో ఆర్వీ క్యాంపింగ్‌కు టెక్సోమా సరస్సు చాలు

ఇండియా నుంచి వస్తున్న తల్లిదండ్రులను ఆర్వీలో, అంటే పడక, వంటగది, స్నానాలగది అన్నీ లోపలే ఉండే బండిలో ఎక్కించుకుని, డల్లాస్ నుంచి వారం రోజుల్లో న్యూమెక్సికో, కొలరాడో చుట్టి రావచ్చా, పెట్టిన అద్దెకు తగిన విలువ దక్కుతుందా అని మీరు అడిగారు. విలువ తప్పక దక్కుతుంది, కానీ మీరు వేసుకున్న ప్రయాణంలో దక్కదు. పెద్దవారితో వెళ్లేవారు ఆర్వీని ఏదో ఒక సరస్సు ఒడ్డున నిలిపి, నాలుగైదు రాత్రులు దాన్ని అక్కడి నుంచి కదపకుండా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

అద్దెకు దొరికే క్లాస్ సి బండ్లు, అంటే డ్రైవరు సీటు పైన కూడా పడక ఉండే మధ్యరకం ఆర్వీలు, సాధారణంగా గ్యాలన్‌కు ఎనిమిది నుంచి పది మైళ్లే ఇస్తాయి. దానికన్నా పెద్ద ఇబ్బంది మరొకటి ఉంది. రోజుకో ఊరు మారితే ప్రతి ఉదయం నీటి పైపు విప్పాలి, కరెంటు తీగ చుట్టాలి, అలమరలన్నీ బిగించాలి. ఈ హడావిడి సాగినంతసేపూ పెద్దవాళ్లు కాఫీ కూడా తాగకుండా సీటు బెల్టు పెట్టుకుని మన కోసం ఎదురుచూడాలి. సాయంత్రానికి మరో చోట ఇదంతా తిరగేసి చేయాలి. డెబ్బై ఏళ్ల మనిషికి దీన్ని విహారయాత్ర అని చెప్పడం అన్యాయం.

మేము మా అమ్మానాన్నలను తీసుకుని టెక్సోమా సరస్సుకు వెళ్లాము. డల్లాస్ నుంచి గంటన్నర ప్రయాణం. ఆర్వీ నేను నడిపాను, మా ఆవిడ వెనకే కారులో వచ్చింది. మీరూ ఇలాగే చేయండి, ఎందుకంటే పాల ప్యాకెట్ కోసం ఇరవై అయిదు అడుగుల బండిని కదపడం కన్నా తెలివితక్కువ పని లేదు. టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులో రెడ్ రివర్‌పై డెనిసన్ ఆనకట్ట కట్టడంతో 1944లో ఏర్పడిన జలాశయం ఇది; విస్తీర్ణం సుమారు 89,000 ఎకరాలు. ఆనకట్టతో పాటు ఒడ్డున ఉన్న పలు క్యాంప్‌గ్రౌండ్లు అమెరికా సైన్యపు ఇంజినీరింగ్ విభాగమైన ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ నిర్వహణలోనే ఉన్నాయి. ప్రైవేటు ఆర్వీ పార్కులలో పక్క బండి వారి టీవీ మాటలు మన మంచం దాకా వినిపిస్తాయి. కోర్ సైట్లలో, అంటే ఆ క్యాంప్‌గ్రౌండ్లలో ఒక్కో బండికి కేటాయించే చోట్లలో, చెట్లు, ఖాళీ స్థలం, సిమెంటు బల్ల, చాలాచోట్ల కిటికీలోంచి కనిపించే నీళ్లు ఉంటాయి. ఇంతకన్నా తక్కువ ధరకు ఇంత మంచి బస ఈ దేశంలో ఎక్కడా దొరకదని నేను నమ్ముతున్నాను.

అసలు మీరు అడగవలసిన ప్రశ్న కరెంటు గురించి. బండి అద్దెకిచ్చినవారు మాకు ఒక చిన్న వీడియో చూపించి తాళాలు చేతిలో పెట్టారు, ఈ విషయం ఒక్క ముక్క చెప్పలేదు. మొదటి సాయంత్రం బయట వేడి ఇంకా దిగలేదు, పైన ఏసీ నడుస్తోంది. మా అమ్మ ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం పెట్టింది, మా అమ్మాయి మైక్రోవేవ్‌లో పప్పు వేడి చేయబోయింది. కొన్ని నిమిషాలకు ఏసీ, కుక్కర్, మైక్రోవేవ్ మూడూ ఒక్కసారిగా ఆగిపోయాయి. లోపలి బ్రేకర్లన్నీ చూశాను, ఏదీ పడలేదు. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన టార్చి పట్టుకుని బయటికి వెళ్లి, సైట్ దగ్గరి కరెంటు పెట్టె మూత ఎత్తి, అందులోని 30 ఆంప్ బ్రేకర్ పడిపోయిందని చూపించారు. తరువాత లోపలికి వచ్చి మైక్రోవేవ్ తలుపు తెరిచి, కుక్కర్‌ను తలకిందులు చేసి, వాటి మీది చీటీలలోని అంకెలను పెట్రోలు రసీదు వెనుక వరుసగా వేశారు. ఏసీకి 1500 వాట్లు, మైక్రోవేవ్‌కు మరో 1500, కుక్కర్‌కు 700. ఇవి కాక బ్యాటరీ ఛార్జింగ్ ఉండనే ఉంది. ఇక్కడి 120 వోల్టుల మీద 30 ఆంప్‌లు అంటే వచ్చేది 3600 వాట్లే. “మూడువేల ఆరువందలు దాటకూడదు, అంతే కదరా. అన్నం గ్యాసు మీద పెట్టమను, ఏసీ ఉండనీ” అన్నారు. ఆ రసీదును ఆయనే ఫ్రిజ్ తలుపుకు అంటించారు, మరోసారి కరెంటు పోలేదు. ఆర్వీలో ప్రొపేన్ పొయ్యి ఉంటుంది, మామూలు ప్రెషర్ కుక్కర్ దానిపై చక్కగా కుదురుతుంది. ఇంటి నుంచి అదే పట్టుకెళ్లండి.

మర్నాడు నాన్నగారిని కారులో ఆనకట్టకు తీసుకువెళ్లాను. రోడ్డు దాని మీదుగానే వెళుతుంది. నాగార్జునసాగర్ రాతికట్టడం చూసి పెరిగిన ఆయనకు, నది అడ్డంగా మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చేసి ఇంత ఆనకట్ట లేపడం ఎంతో ఆసక్తి కలిగించింది. ఏటవాలుకు పేర్చిన రాళ్లను చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డారు. ఎగువన ఉప్పు నేలల మీదుగా వచ్చే నది కావడంతో ఈ నీటిలో కొంచెం ఉప్పదనం ఉందని, సముద్రపు చేప అయిన స్ట్రైప్డ్ బాస్ కూడా ఇక్కడ సహజంగా గుడ్లు పెట్టి పెరుగుతోందని చెబితే, వేలు ముంచి నాలుకకు తాకించుకున్నారు. కొలరాడో కొండలు ఆయనకు ఇంతకు మించి ఏమి ఇచ్చేవి?

అమ్మ సంతోషానికి కారణం వేరు. రాత్రివేళ స్నానాలగదికి చీకట్లో నడిచి వెళ్లాలేమోనని ఆమె భయపడింది. అది బండి లోపలే ఉందని తెలిశాక ఆమెకు సరస్సు నిజంగా కనిపించింది. అయితే కోర్ సైట్లలో నీరు, కరెంటు ఉన్నా మురుగు పైపు చాలాచోట్ల ఉండదు. బండి అడుగున మురుగునీరు చేరే ట్యాంకులు నిండితే, వాటిని ఖాళీ చేసే డంప్ స్టేషన్‌కు బండిని తీసుకువెళ్లవలసిందే. మన వంటల నూనె, చింతపండు గుజ్జు ట్యాంకులోకి పోతే వాసన భరించలేము కాబట్టి గిన్నెలను ముందు కాగితంతో తుడిచి ఆ తరువాతే కడగాలి. అంట్లు కడిగిన నీళ్లను చెట్ల మొదట్లో పారబోసే మనవారిని చూశాను; అది నిబంధనలకు విరుద్ధం, పక్కవారికి ఈగల బాధ కూడా. అలాగే రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్దం పాటించాలన్న నియమం మన బృందాలకు ఎందుకు వర్తించదనుకుంటారో నాకు అర్థం కాదు. ఆరు నెలల ముందే రెండు మూడు సైట్లు బుక్ చేసి, రాకుండా, రద్దు కూడా చేయకుండా ఖాళీగా వదిలేసేవారిపై నాకు ఇంకా ఎక్కువ కోపం. ఒడ్డు పక్క సైట్లు దొరకకపోవడానికి సగం కారణం వీరే.

మీ తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు ఉండి 62 ఏళ్లు నిండి ఉంటే 80 డాలర్లకు జీవితకాల సీనియర్ పాస్ తీసుకోండి; కోర్ సైట్ల అద్దె సగమవుతుంది. విజిటర్ వీసా మీద వస్తుంటే అది వర్తించదు. తేదీలు ఇంకా మీ చేతిలో ఉంటే జూలై వద్దు, అక్టోబరుకు జరపండి. అప్పుడు ఏసీ అవసరం తగ్గి, ఆ 3600 వాట్లు వంటకు మిగులుతాయి.