ఖాళీ డబ్బా తిరిగివ్వకు

ప్రశ్న: ఎమ్మెస్ చేయడానికి ఆగస్టులో డెట్రాయిట్ వచ్చాను. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేస్తున్నాను. క్రిస్మస్‌కి ముగ్గురు రూమ్మేట్స్‌కి, ఎదురింట్లో ఉండే పెద్దావిడకి, డిపార్ట్‌మెంట్ ఆఫీసులో నాకు చాలా సాయం చేసిన ఆవిడకి, ప్రొఫెసర్‌కి ఏదైనా ఇవ్వాలని ఉంది. రూమ్మేట్స్ 18న వాళ్ల చుట్టాల ఇళ్లకు వెళ్లిపోతున్నారు. నా దగ్గర 60 డాలర్లకు మించి లేవు. చవకబారుగా కనిపించకుండా ఏం ఇవ్వొచ్చు?

జవాబు: అమ్మాయీ, 60 డాలర్లు బోలెడు. చూసుకుని చేస్తే అందులో 20 మిగుల్తాయి. కానీ నీ ప్రశ్న రెండోసారి చదివాక నాకు డబ్బు సంగతి పెద్దగా అనిపించలేదు. రూమ్మేట్స్ 18న వెళ్లిపోతున్నారని రాశావు. నువ్వెక్కడికి వెళ్తున్నావో రాయలేదు. దాని గురించి తర్వాత చెప్తాను.

నేను 2003 నవంబర్‌లో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో దిగాను. హెచ్-4 మీద, అంటే మావారి వీసాకి జతగా వచ్చినదాన్ని, అప్పట్లో ఉద్యోగం చేసే వీల్లేదు. ఉన్న ఒక్క కారూ మావారు ఆఫీసుకి తీసుకెళ్లేవారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ కిటికీ, బయట మంచు, లోపల నేను. ఇంటికి ఫోన్ చేయాలంటే కాలింగ్ కార్డు కొనాలి. అమ్మ ఏదో చెబుతూ ఉండగా ‘ఒక్క నిమిషమే మిగిలింది’ అని మధ్యలో ఒక గొంతు వచ్చేది. మీకు వాట్సాప్ ఉంది, పొయ్యి మీద ఏం ఉడుకుతోందో కూడా అమ్మ చూపిస్తుంది. మాకు ఇలా అడిగితే చెప్పేవాళ్లు కూడా లేరు. చేసి, తప్పని తెలిసి, సర్దుకుని నిలబడ్డాం.

మొదటి తప్పు ఆ డిసెంబర్‌లోనే చేశాను. మావారి ఆఫీసులో గిఫ్ట్ ఎక్స్ఛేంజ్ పెట్టారు. 15 డాలర్లు దాటకూడదన్నారు. మాటవరసకి అంటారులే అనుకున్నాను. మన వైపు ‘ఏమీ తేవద్దండీ’ అన్న ఇంటికి ఉత్త చేతులతో వెళ్తామా? పెళ్లిలో వచ్చిన వెండి కుంకుమ భరిణె తీసి, మెరుపు కాగితంలో చుట్టి పంపాను. మిగతావాళ్లకు కాఫీ కప్పులు, సాక్సులు, కొవ్వొత్తులు వచ్చాయట. భరిణె అందుకున్నాయన మర్నాడు వచ్చి, ఇది నేను ఉంచుకోవడం బాగుండదు అని మావారి చేతిలో పెట్టి వెళ్లాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇచ్చిన వస్తువు వెనక్కి రావడం కన్నా అవమానం ఉంటుందా అని ఏడ్చాను. లిమిట్ పెట్టేది తక్కువ సంపాదించేవాళ్ల పరువు కాపాడటానికని అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. 15 అంటే 15. ఎక్కువ పెట్టావంటే ఎదుటివాళ్లని ఇబ్బంది పెట్టినట్టే. నీకు ఇలాంటివి రేపు ఉద్యోగంలో తప్పకుండా ఎదురవుతాయి, ఇప్పుడే తెలుసుకో.

ఇంకో వారానికి ఎదురు వాటా పెద్దావిడ తలుపు కొట్టింది. ఒంటరి మనిషి, డెబ్బై దాటి ఉంటాయి. చేతిలో గుండ్రటి రేకు డబ్బా, మూత మీద ఎర్ర రిబ్బన్. థాంక్యూ చెప్పి తీసుకుని, ఫ్రిజ్ మీద పెట్టేశాను. ఆవిడ అలాగే నిలబడి ఉంది. ఎందుకు నిలబడిందో నాకు తెలియలేదు. ఇచ్చినవాళ్ల ముందే విప్పితే మన ఇళ్లలో ‘ఎంత ఆత్రమో’ అంటారు. ఇక్కడ విప్పి చూసి, ముఖం వెలిగితే అదే ఇచ్చినవాళ్లకు తృప్తి. చాలా ఏళ్ల తర్వాత, ఆ రోజు నీకు నచ్చలేదనుకున్నాను అని ఆవిడే చెప్పింది. నీకెవరైనా ఏదైనా ఇస్తే అక్కడే విప్పు తల్లీ.

అందులో అల్లం వేసిన కుకీలు. తినేశాక డబ్బా కడిగాను. ఖాళీ గిన్నె వెనక్కి ఇవ్వకూడదని అమ్మ నేర్పిన మాట గుర్తొచ్చి, జంతికలు వండి నింపి ఇచ్చాను. ఆవిడ మళ్లీ ఏదో నింపి ఇచ్చింది. ఆ డబ్బా మా రెండు తలుపుల మధ్య తొమ్మిదేళ్లు తిరిగింది. ఆ చలికాలంలో నా పేరు సరిగ్గా పలకాలని ప్రయత్నించిన మొదటి మనిషి ఆవిడే. జంతికలకి బియ్యప్పిండి, వాము, నూనె తప్ప నాకైన ఖర్చేముంది?

ఉత్తరాలు తెచ్చే ఆయనకి కూడా ఇవ్వాలనుకుంటే, డబ్బు పెట్టకు. నేను కవరు మూలలకి పసుపు రాసి, చదివింపుల్లాగా 11 డాలర్లు పెట్టాను. మర్నాడు దణ్ణం పెట్టినంత పని చేసి తిరిగిచ్చాడు. వాళ్లు ఒక సందర్భానికి 20 డాలర్ల లోపు వస్తువు తీసుకోవచ్చు, నగదు మాత్రం కూడదు. మిగతా రూల్స్ పోస్టల్ సైట్‌లో ఉంటాయి. ప్రొఫెసర్‌కి చేత్తో రాసిన కార్డు ఒక్కటే, అదీ గ్రేడ్లు వచ్చాక. ఆయన క్లాసులో ఏ రోజు చెప్పిన ఏ విషయం నీకు పనికొచ్చిందో రెండు వాక్యాలు రాయి.

ఎదురింటావిడకీ ఆఫీసావిడకీ చాయ్ మసాలా చెయ్యి. 50 గ్రాముల యాలకులు, 50 గ్రాముల శొంఠి పొడి, 20 గ్రాముల దాల్చినచెక్క, పదేసి గ్రాముల లవంగాలు, మిరియాలు. శొంఠి కొమ్ములు కొనకు, పీచు వస్తుంది, పొడే కొను. మిగతావి బాణలిలో సన్నసెగ మీద వాసన వచ్చేదాకా వేడి చేసి, చల్లారాక మిక్సీలో వేసి జల్లించి, శొంఠి పొడి కలుపు. వేడిగా ఉండగా సీసాలో పోసి మూత పెట్టావంటే ఆవిరి పట్టి గడ్డ కడుతుంది. మూడు చిన్న సీసాలు వస్తాయి. ఎలా వాడాలో కార్డు మీద రాయి: రెండు కప్పుల టీకి పావు చెంచా, పాలు, చక్కెర. నేనొకసారి ఒకావిడకి ఆవకాయ ఇచ్చి ఏమీ రాయలేదు. మార్చిలో చూస్తే సీసా సీలు తీయకుండా అలాగే ఉంది, దేంతో తినాలో ఆవిడకి తెలియలేదు. ఏమేం వేశావో కూడా పూర్తిగా రాయి. జీడిపప్పు, బాదం, వేరుశనగ పడనివాళ్లు ఇక్కడ చాలామంది, వాళ్లకి అది ప్రాణం మీదకొచ్చే విషయం.

చుట్టడానికి కాగితం కొనకు. గ్రోసరీ వాళ్లిచ్చే బ్రౌన్ పేపర్ సంచీ కత్తిరించి, అచ్చు లేని వైపు పైకి వచ్చేలా చుట్టు. దాని మీద తెల్ల జెల్ పెన్నుతో ముగ్గు వెయ్యి. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క. చుట్టూ మెలిక తిప్పితే సీసా పెట్టె మీదకి సరిపోతుంది. ధనుర్మాసం వచ్చే నెలే కదా, మీ ఇంటి ముందు కూడా పొద్దున్నే అమ్మ వేస్తుంది. నేను వేసిన ముగ్గు కాగితాన్ని మా ఎదురు వాటావిడ చింపకుండా విప్పి, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంది.

ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే ఏటికొప్పాక బొంగరాలు ఓ అరడజను తెప్పించుకో. అంకుడు కర్ర మీద లక్క పూసినవి, బరువుండవు, కాస్త ఎదిగిన పిల్లలున్న ఇంటికి అంతకన్నా మంచిది లేదు. కొండపల్లి బొమ్మలు మాత్రం సూట్‌కేసులో వద్దు. పొనికి కర్ర మరీ తేలిక. నేను తెచ్చిన అంబారీ ఏనుగు తొండం విరిగి వచ్చింది.

రూమ్మేట్స్‌కి వస్తువులెందుకు? 17 రాత్రి పులిహోర కలిపి, ముగ్గురికీ మూడు పొట్లాలు కట్టివ్వు. దారిలో తింటారు.

ఇక ఎదురింటావిడది 18కి ముందు ఇచ్చేయకు. 24 మధ్యాహ్నం దాకా ఆగు. తలుపు దగ్గర పెట్టి మెసేజ్ పంపకు, తలుపు కొట్టి చేతికివ్వు. లోపలికి రమ్మంటే వెళ్లు. నాలాగా మొహమాటపడి గుమ్మంలోంచే వెనక్కి రాకు. 25న దాదాపు షాపులన్నీ మూసేస్తారు, క్యాంపస్‌లో పురుగు కనిపించదు, నాలుగున్నర దాటితే వెలుతురు తగ్గిపోతుంది. ఆ రోజు నా మొదటి ఏడాది ఎలా గడిచిందో నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను.

25న ఎక్కడుంటావో నాకు రాయి. ఎవరూ లేకపోతే మా ఇల్లు మీకు అరగంటే, మావారు వచ్చి తీసుకొస్తారు. పప్పుచారు, గుత్తివంకాయ చేస్తాను. మూడో సీసా మిగిలితే పట్టుకురా.