కాజుయిస్ట్రీ అంటే కుతర్కమేనా?

సందేహం: నీతిశాస్త్రం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో మాటిమాటికీ వచ్చే ‘కాజుయిస్ట్రీ’కి నిఘంటువులో ‘కుతర్కం’ అని ఉంది. అలా రాస్తే రచయిత తన పద్ధతిని తానే తిట్టుకున్నట్టవుతోంది. ‘ధర్మసూక్ష్మం’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: మీ అనుమానం సబబే. నిఘంటువు చెప్పింది సగం అర్థం. దీనికి మూలం లాటిన్ ‘కాసుస్’, అంటే జరిగిన సంగతి, ఉదంతం. ఎవరూ కాదనలేని ఉదంతాలను ముందు పెట్టుకుని, చిక్కుగా ఉన్నదాన్ని వాటితో పోల్చి మంచిచెడ్డలు తేల్చడమే ఈ పద్ధతి.

ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లిన కొడుకు జాడ లేదనుకోండి. తల్లికి నిన్ననే గుండె ఆపరేషన్ అయింది, ‘పిల్లాడు రాలేదేం?’ అని అడుగుతోంది. అబద్ధమాడకూడదన్న సూత్రం ఒక్కటే పట్టుకుంటే ఇంట్లోవాళ్ల టెన్షన్ తీరదు. డాక్టరు వచ్చేదాకా ఓ పూట మాట దాటేస్తే ఎవరూ తప్పుపట్టరు. ఆస్తి కాగితాల మీద ఆమె చేత వేలిముద్ర వేయించుకునేదాకా దాస్తే ఎవరూ ఒప్పుకోరు. మరి వీళ్లు చేస్తున్నది ఈ రెండిట్లో దేనికి దగ్గర? ఎన్నాళ్లు దాస్తారు, ఎవరి మేలు కోరి? ఆలోచన ఇలా సాగాలి.

ఫ్రాన్సులో తత్త్వవేత్త పాస్కల్ 1656-57లో రాసిన లేఖల్లో, జెసూయిట్లనే క్యాథలిక్ సంఘపు గురువులు ఈ పద్ధతితో పాపాలకు సందులు వెతికిపెడుతున్నారని దుమ్మెత్తిపోశాడు. దాంతో దీని పేరు బాగా చెడింది. 1988లో జాన్సెన్, టూల్మిన్ అనే నీతిశాస్త్ర పండితులు దీన్ని సమర్థిస్తూ పుస్తకం రాశారు. ఇప్పుడు వైద్యనీతి చర్చల్లో ఇది గౌరవంగానే వినిపిస్తోంది.

మనవాళ్లకూ ఈ రెండు ముఖాలూ తెలుసు. వామనుడికి మాటిచ్చిన బలితో శుక్రాచార్యుడు, ప్రాణానికీ ధనానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు బొంకవచ్చు అంటాడు. ప్రాణం దగ్గర ఆ మాట ఆలోచించదగ్గదే. కానీ రాజ్యం దక్కించాలని ముందే తేల్చుకుని, దానికి సరిపడా మినహాయింపు వెతికాడు చూడండి, అక్కడే అది కుతర్కం వైపు జారిందని నా అభిప్రాయం. బలి ఒప్పుకోకపోవడం నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది.

ఇక మీ వ్యాసం సంగతి. ‘ధర్మసూక్ష్మం’ అంటే పట్టుకోవలసిన మెలకువ. పట్టుకునే పద్ధతికి ‘ధర్మసూక్ష్మ విచారణ’ అనండి. రచయిత నిందగా వాడినచోట ‘కుతర్కం’ ఉంచండి. ‘ఆపద్ధర్మం’ మాత్రం వద్దు, అది ఆపదలో దొరికే సడలింపుకే చెల్లుతుంది. మొదటిసారి వచ్చినచోట ‘కాజుయిస్ట్రీ’ అని కూడా పక్కనే రాయండి.