ముందు ఊరి పేరు కనుక్కో

అమ్మలూ,

అల్లుడి వాళ్ల ఇటలీ మూలాలు వెతికి పిల్లల కోసం రాసిపెట్టాలనుకుంటున్నానని నువ్వు రాస్తే చాలా సంతోషం వేసింది. ఇక్కడ అమెరికాలో లైబ్రరీలో పనిచేసినన్నాళ్లూ ఇటాలియన్ కుటుంబాలకు ఈ పనిలో సాయం చేశాను కాబట్టి, ఏది ముందు చేయాలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

కంప్యూటర్ తర్వాత. ముందు అల్లుడి నానమ్మ దగ్గర కూర్చో. రికార్డులు ఇంకో పదేళ్ల తర్వాతైనా దొరుకుతాయి, ఆవిడ చెప్పే మాటలు దొరకవు. "మీ పూర్వీకుల గురించి చెప్పండి" అంటే ఎవరికీ ఏమీ గుర్తు రాదు. ఫొటోల పెట్టె తెరిచి ఒక్కోటీ చేతికిచ్చి అడుగు. వీళ్లెవరు, ఈ పెళ్లికి ఎవరొచ్చారు, ఇంట్లో ఏ సెయింట్ పండగ చేసేవారు? ఆ చివరిది తప్పకుండా అడుగు. ఇటలీలో ప్రతి ఊరికీ ఒక రక్షక సెయింట్ ఉంటారు. అమెరికా వచ్చిన ఊరివాళ్లు ఆ పేరుతోనే సంఘాలు పెట్టుకుని ఊరేగింపులు చేసేవారు. ఊరి పేరు మరిచిపోయిన ఇళ్లలో కూడా ఆ పండగ గుర్తుంటుంది. ఆవిడ ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చెయ్యి.

ఊరి పేరు కోసం ఇంత పట్టుబడుతున్నానంటే, ఇటలీలో జనన, వివాహ, మరణ పుస్తకాలన్నీ ఊరివారీగా ఉంటాయి. వాళ్లు కాంపొబాసో అంటున్నారు కదా, అది పట్నం పేరూ, దాని చుట్టూ ఉన్న పల్లెలన్నీ కలిసిన జిల్లా పేరూ. అంతటితో ఆగితే లాభం లేదు. 1906 తర్వాతి అమెరికా పౌరసత్వ దరఖాస్తుల్లోనూ, 1907 నుంచి ఓడ ప్రయాణికుల జాబితాల్లోనూ పుట్టిన చోటు అడిగేవారు. ముత్తాత పెళ్లి ఇక్కడి చర్చిలో జరిగి ఉంటే, ఆయనకు బాప్తిస్మం ఇచ్చిన చర్చి పేరు ఆ పుస్తకంలో ఉండొచ్చు.

న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో గుమస్తా ఇంటిపేరు మార్చేశాడనే కథ దాదాపు ప్రతి ఇంట్లో వింటాను. నమ్మకు. ఆ జాబితాలను ఓడ కంపెనీ వాళ్లు బయల్దేరే రేవులోనే రాసేవారు, ఇక్కడివాళ్లు వాటిని చూసి సరిచూసుకునేవారు. పేర్లు ఎక్కువగా తర్వాత బడిలో, పనిలో, పౌరసత్వం తీసుకునేటప్పుడు మారాయి. కాబట్టి ఓడ జాబితాలో పాత స్పెల్లింగ్‌తోనే వెతుకు. ఆడవాళ్లను పుట్టింటి పేరుతో వెతుకు. ఇటలీ పత్రాల్లో వాళ్లకు పెళ్లయినా ఆ పేరే ఉంటుంది. తల్లుల వైపు తరాలు కూడా దొరకడానికి ఇదే కారణం.

ఊరు తేలాక ఇటలీ ప్రభుత్వ ఆర్కైవ్స్ వాళ్ల 'ఆంతెనాతి' సైట్ తెరువు. పుస్తకాల ఫొటోలు ఉచితంగా చూడొచ్చు. కాంపొబాసో దక్షిణ ఇటలీలోని పాత నేపుల్స్ రాజ్యంలోది కాబట్టి అక్కడ 1809 నుంచే ప్రభుత్వ రిజిస్టర్లు మొదలయ్యాయి. దేశమంతటికీ ఆ పద్ధతి 1866లో గానీ రాలేదు, కాబట్టి ఈ విషయంలో మీరు అదృష్టవంతులు. చేతిరాత చూసి భయపడకు. ఒక ఊరి గుమస్తా రాత నాలుగైదు పేజీలు చూస్తే అలవాటవుతుంది, ఎందుకంటే ప్రతి పత్రంలోనూ అవే వాక్యాలు. తండ్రి పేరు ముందు 'ఫు' అని ఉంటే ఆయన అప్పటికే చనిపోయినట్టు, 'ది' అని ఉంటే బతికున్నట్టు. ఆ చిన్న మాటతో మరణం ఏ ఏళ్ల మధ్య వెతకాలో తెలిసిపోతుంది. తేదీలో 7, దాని పక్కన 'బ్రె' అని ఉంటే జులై అనుకోకు. ఇటాలియన్‌లో ఏడంటే 'సెత్తె', కాబట్టి అది 'సెత్తెంబ్రె', అంటే సెప్టెంబర్.

నన్నడిగితే అన్నింటికన్నా విలువైనవి పెళ్లి పత్రాలకు జతచేసిన కాగితాలు. వాటిని 'అల్లెగాతి' అంటారు. పెళ్లికి ముందు వధూవరుల జనన పత్రాలు, తల్లిదండ్రులు లేకపోతే వాళ్ల మరణ పత్రాలు, తండ్రి పోయుంటే తాత మరణ పత్రం కూడా తెచ్చివ్వాలి. ఒక్క పెళ్లి దగ్గరే మూడు తరాలు దొరుకుతాయి. 1820ల పెళ్లయితే, 1809కి ముందు పుట్టినవాళ్ల చర్చి వివరాలు కూడా అందులోనే వస్తాయి. చాలామంది వీటిని తెరవకుండా వెళ్లిపోతుంటే నాకు బాధగా ఉంటుంది.

మనలాగే వాళ్లూ పెద్దకొడుక్కి తాత పేరు పెడతారు. అన్నదమ్ములందరూ అలాగే పెట్టడంతో ఒకే ఊళ్లో, ఒకే వయసులో, ఒకే పేరుతో నలుగురు ఉంటారు. తల్లి పేరు కలిస్తే తప్ప మనవాడని రాసుకోవద్దు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షాన్ని అసలు పత్రం చూడకుండా ఎత్తి రాయకు. ప్రతి పేరు పక్కనా ఏ ఊరు, ఏ ఏడాది, ఏ పుస్తకం, ఎన్నో నంబరు పత్రం అన్నది రాయి.

ఎక్కడో ఒకచోట తల్లిదండ్రులు తెలియరని రాసిన బిడ్డ కనిపించొచ్చు. ఎస్పోజితో లాంటి ఇంటిపేర్లు అలా వదిలేసిన పిల్లలకు పెట్టినవే. నానమ్మకు ముందుగా, నెమ్మదిగా చెప్పు. కానీ పిల్లల కోసం రాసేదాంట్లోంచి మాత్రం తీసేయకు. ఆ బిడ్డ బతికి పెద్దయింది కాబట్టే మీ పిల్లలున్నారు.

ఇక దాచడం. ఫొటోలకు సెల్లో టేప్ వేయొద్దు, లామినేషన్ చేయించొద్దు, అటకమీదా బేస్‌మెంట్‌లోనూ పెట్టొద్దు. యాసిడ్ లేని కవర్లు దొరుకుతాయి, అవి కొను. వెనక మెత్తని పెన్సిల్‌తో పూర్తి పేరు, పుట్టింటి పేరుతో సహా రాయి. 'నానమ్మ' అని రాస్తే ముప్పై ఏళ్ల తర్వాత ఎవరి నానమ్మో తెలియదు. స్కానర్‌లో స్పష్టతను 600 డీపీఐకి పెట్టి స్కాన్ చేసి మూడు కాపీలు ఉంచు, ఒకటి వేరే ఇంట్లో. చివరికి అంతా కాగితం మీద అచ్చు వేయించి, అల్లుడి అక్కచెల్లెళ్లకూ తలా ఒకటి ఇవ్వు.

చదవడం రాని పేజీ వస్తే నాకు పంపు. పేరున్న లైను ఒక్కటే కత్తిరించకుండా పేజీ మొత్తం పంపు, పక్క మార్జిన్‌లో తర్వాతి పెళ్లి వివరాలు రాసి ఉండొచ్చు.

ప్రేమతో,
పెద్దమ్మ